దీక్ష అని చెప్పి మెల్‌బోర్న్ వెళ్ళిన వైనం

ఆస్ట్రేలియా చూసి వెళ్ళినవాళ్ళు సముద్రతీరాల గురించీ కంగారూల గురించీ రాస్తారు. నేను పదహారేళ్ళుగా ఇక్కడే ఉంటున్నాను కాబట్టి ఆ బాధ్యత నాకు లేదు. కాన్‌బెర్రా నుంచి మెల్‌బోర్న్ దాకా ఆరువందల అరవై కిలోమీటర్ల దారిలో మరుగుదొడ్లు ఎక్కడెక్కడున్నాయో మాత్రం నన్ను అడగండి. ఏది శుభ్రంగా ఉంటుంది, ఏది సాయంత్రం ఐదింటికే తాళం వేస్తారు, దేనికి గడియ సరిగ్గా పడదు, అన్నీ చెప్పగలను. మన బస్టాండ్లతో పోలిస్తే ఇవి రాజమహళ్ళే. ఎవరూ డబ్బులు అడగరు, కాగితం ఉంటుంది, నీళ్ళు మాత్రం మన సీసాలో మనం పట్టుకెళ్ళాలి.

నాకున్న జబ్బు పేరు ఐబీఎస్. పేగులో పుండు లేదు, గడ్డ లేదు, పరీక్షలన్నీ బాగానే వస్తాయి. పేగు మాత్రం దాని ఇష్టం వచ్చినప్పుడు మెలిపెడుతుంది, దాని ఇష్టం వచ్చినప్పుడు పరుగెత్తిస్తుంది. చూడటానికి నేను దిట్టంగా ఉంటాను. అదొక చికాకు. ఎవరూ నమ్మరు.

గంగాలిన్

మేముండేది కాన్‌బెర్రాలో గంగాలిన్ అనే పేట. సిటీకి ట్రామ్ ఉంది, నేను ఎక్కను. అందులో మరుగుదొడ్డి ఉండదు. కార్లో వెళ్ళి పార్కింగ్‌కి డబ్బు కడతాను.

ఆరేళ్ళపాటు ఈ జబ్బుకు నేను పెట్టిన పేరు 'వసంత వంట'. వసంత నా భార్య. నూనె ఎక్కువైందన్నాను, తగ్గించింది. కారం మార్చమన్నాను, మార్చింది. బియ్యం, పాలు, చివరికి గిన్నెలు కూడా మార్పించాను. నా పొట్ట మారలేదు. విసిగిపోయి ఆవిడే అపాయింట్‌మెంట్ తీసుకుని నన్ను డాక్టరు ముందు కూర్చోబెట్టింది. రక్తం తీశారు, గొట్టం వేసి చూశారు, భయపడాల్సినదేమీ లేదని తేల్చి డైటీషియన్ దగ్గరికి పంపారు.

ఆ డైటీషియన్ అమ్మాయి ఒక జాబితా ఇచ్చింది. కొన్ని పదార్థాలు నాలాంటివాళ్ళ పేగులో సరిగ్గా అరగక గాలిగా మారతాయట. ఆరు వారాలు అవన్నీ మానెయ్యాలి. తర్వాత ఒక్కొక్కటీ కొద్దికొద్దిగా తిని, ఏది పడదో కనిపెట్టాలి. జీవితాంతం పథ్యం కాదు, పడనివాటిని పట్టుకోవడం అంతే. జాబితా చదివాను. ఉల్లి, వెల్లుల్లి, గోధుమ, పప్పులన్నీ, శనగలు, గోబీ, పాలు, జీడిపప్పు, మామిడిపండు. తెలుగువాడి కంచంలోంచి పప్పు తీసేస్తే ఏం మిగులుతుందో ఆ అమ్మాయికి తెలియదు. "రైస్ ఈజ్ ఫైన్" అని ధైర్యం చెప్పింది.

సరిగ్గా ఐదు వారాలు నిండగానే మా మేనకోడలు సాహితి పెళ్ళి వచ్చింది. నా చెల్లెలు పద్మ కుటుంబం మెల్‌బోర్న్ శివార్లలో, కేరమ్ డౌన్స్ గుడికి దగ్గరలో ఉంటుంది. పద్మకు నేనొక్కడినే అన్నను. పెళ్ళికూతుర్ని గంపలో కూర్చోబెట్టి మండపానికి మోసుకొచ్చే పని మేనమామది. గంపకి నాలుగు పక్కలా నలుగురు పట్టినా ముందు చెయ్యి నాదే కావాలి. సాహితి పుట్టినప్పటి నుంచి పద్మ ఈ మాట అంటూనే ఉంది.

బయల్దేరడానికి పది రోజుల ముందు పద్మ ఫోన్ చేసింది.

"అన్నయ్యా, నీకేం వండను?"

"ఉల్లి, వెల్లుల్లి వద్దమ్మా."

"ఎందుకు?"

పొట్ట బాగాలేదు, విరేచనాలు అవుతాయి అని చెల్లెలికి చెప్పడానికి నా నోరు పెగల్లేదు. "దీక్షలో ఉన్నాను. వెంకటేశ్వరస్వామిది, నలభై రోజులు" అన్నాను.

పద్మ గొంతు మారిపోయింది. "ఎంత మంచిపని అన్నయ్యా. సాహితి పెళ్ళి కోసమేనా?"

ఆ మాటకి నేను కాదనలేదు. ఫోన్ పెట్టేశాక వసంత నా వైపు చూసింది. "పొట్ట బాగాలేదని చెప్పడానికి నామోషీ. దేవుడి పేరు చెప్పి అబద్ధం ఆడటానికి లేదు."

గండగై

శుక్రవారం పొద్దున బయల్దేరాం. గండగైలో పెట్రోలు కోసం ఆగితే, కౌంటరు వెనక ఉన్నతను మా మాటలు విని నవ్వాడు. వరంగల్ నుంచి చదువుకోసం వచ్చి, రకరకాల ఉద్యోగాలు చేసి, ఇప్పుడు ఈ సర్వోకి మేనేజరయ్యాడట. పెట్రోలు బంకును ఇక్కడ సర్వో అంటారు.

"తెలుగోళ్ళేనా అన్నా? యాడికి పోతున్నరు?"

చెప్పాను.

"మేనకోడలి పెండ్లా? అయితే చాయ్ తాగిపోవాలె. ఇక్కడి కాఫీ ఆరు డాలర్లు, నోట్లె పెట్టుకోలేం. నేను లోపల మంచిగ మరిగించిన."

పాలు పోసిన చాయ్. వద్దని ఒక్క మాట అనాలి. అతను ఇంట్లో భార్య నోట తప్ప తెలుగు వినని ఊళ్ళో ఉన్నాడు, కప్పు పట్టుకుని నిలబడ్డాడు. తాగేశాను. దాంతో ఆగకుండా అతని భార్య చేసిన సర్వపిండి కూడా తిన్నాను. అందులో శనగపప్పు ఉంది, ఉల్లి కూడా ఉంది. చాలా బాగుంది, అది కూడా రాయాలి.

"మంచిగున్నదా అన్నా?"

"చాలా బాగుంది."

కారెక్కాక వసంత కిటికీలోంచి బయటికి చూస్తూ అంది, "దీక్ష గండగైలోనే అయిపోయిందన్నమాట."

నలభై నిమిషాల తర్వాత ఒక విశ్రాంతి స్థలంలో కారు ఆపాల్సి వచ్చింది. యూకలిప్టస్ చెట్ల కింద రేకు గది. గడియ పడనిది అదే. వసంత బయట కాపలా నిలబడింది. నాకు అతని మీద కోపం వచ్చింది, చాయ్ మీద వచ్చింది, ఆ గడియ మీద వచ్చింది. నా మీద రావడానికి ఇంకా రెండు రోజులు పట్టింది.

హోల్‌బ్రుక్

హోల్‌బ్రుక్‌లో సముద్రం లేదు, సముద్రం ఉన్న చోటు ఎక్కడో వందల కిలోమీటర్ల దూరంలో ఉంది. అయినా ఊరి మధ్య గడ్డిలో జలాంతర్గామి ఉంది. పైభాగం తెచ్చి పార్కులో నిలబెట్టారు. పిల్లలు దాని మీద ఎక్కి ఆడుకుంటున్నారు. ఎందుకు పెట్టారో బోర్డు మీద రాసుంది, నాకు చదివే ఓపిక లేకపోయింది.

ఎదురుగా ఉన్న పబ్బులో భోజనానికి కూర్చున్నాం. వంట చేసే ఆవిడే ఆర్డరు తీసుకోవడానికి వచ్చింది. అరవై దాటి ఉంటాయి, ముంజేతి మీద గులాబీ పచ్చబొట్టు. ఉల్లి, వెల్లుల్లి, గోధుమపిండి లేకుండా ఏమైనా ఉందా అని గొణిగాను.

"ఫాడ్‌మ్యాపా?" అంది. నా జాబితాకి డాక్టర్లు వాడే పేరు అది. ఆవిడ కూతురికి కూడా ఇదే జబ్బట. మెనూ కార్డు నా చేతిలోంచి తీసేసుకుంది. గ్రేవీ వద్దు, అందులో పిండి ఉంటుంది. చిప్స్ మీద చల్లే పొడి వద్దు, అందులో వెల్లుల్లి ఉంటుంది. మాంసం ఉప్పు, మిరియాలు వేసి కాలుస్తాను, బంగాళదుంప బేక్ చేస్తాను, క్యారెట్లు ఉడికిస్తాను, అని తనే తేల్చేసింది. వెళ్తూ వెళ్తూ, నేను అడగకుండానే, "టాయిలెట్ బార్ వెనకాల, డార్ల్" అంది. డార్ల్ అంటే మన 'నాయనా' లాంటి పిలుపు.

ఇరవై ఆరు డాలర్ల ఆ భోజనం చప్పగా ఉంది. కడుపు మాత్రం మాట్లాడలేదు. ఆవిడతో నేను మూడు నిమిషాల్లో అన్నీ చెప్పేశాను. ఎన్నేళ్ళుగా ఉంది, రోజుకి ఎన్నిసార్లు, ఏం తింటే ఎలా ఉంటుంది, అన్నీ.

"ముక్కూమొహం తెలియని మనిషికి చెప్పారుగా" అంది వసంత. "పద్మకి ఫోన్ చెయ్యండి. ఇప్పుడే. సిగ్నల్ ఉంది."

"పెళ్ళి పనుల్లో ఉంటుంది. ఇప్పుడు చెప్పి కంగారు పెట్టడం ఎందుకు?"

వసంత తన ప్లేటులోంచి ఇంకో బంగాళదుంప తీసి నా ప్లేటులో వేసింది.

ఆల్బరీ

ఆల్బరీలో నది దాటితే రాష్ట్రం మారుతుంది. మేము ఇవతలే మోటెల్ తీసుకున్నాం. ఆ సాయంత్రం వసంత వెంట తెచ్చిన చిన్న కుక్కర్‌లో అన్నం పెట్టింది. ఆవిరి నేరుగా పొగ కనిపెట్టే యంత్రానికి తగిలి వరసలో ఉన్న గదులన్నిటికీ వినపడేలా మోగింది. జనం తువ్వాళ్ళతో బయటికొచ్చారు. మోటెల్ యజమాని నిచ్చెన పట్టుకుని వచ్చి, కుక్కర్ మూత ఎత్తి చూసి, "ప్లెయిన్ రైస్?" అన్నాడు. ఇంత గొడవా దీనికోసమా అన్నట్టుంది ఆయన మొహం. నాకూ అలాగే ఉంది. ముప్పై నాలుగు రోజులుగా నేను తింటున్నది అదే.

కేరమ్ డౌన్స్

శనివారం సాయంత్రానికి పద్మ ఇల్లు చేరాం. గుమ్మానికి మామిడాకులు ప్లాస్టిక్‌వి, బంతిపూలు నిజమైనవి. పద్మ నా కాళ్ళకు దణ్ణం పెట్టబోయింది.

"ఇదేంటే?"

"దీక్షలో ఉన్నావుగా అన్నయ్యా."

నేను వెనక్కి జరిగాను. బావగారు మా సామాను లోపల పెట్టారు. సాహితి మెట్లు దిగొచ్చి, చేతుల గోరింటాకు అంటకుండా మోచేతులతో నన్ను వాటేసుకుంది. ఇక్కడే పుట్టింది, తెలుగు అర్థమవుతుంది, జవాబు ఇంగ్లీషులో వస్తుంది. "మావయ్యా, యూ బెటర్ నాట్ డ్రాప్ మీ" అంది.

తర్వాత పద్మ నన్ను వంటింట్లోకి తీసుకెళ్ళింది. నాకోసం కొత్త మూకుడు కొందట, ఉల్లివాసన తగలని మూకుడు. చుట్టాల వంట గరాజ్‌లో ఇంకో స్టవ్ మీద. నా వంట మాత్రం స్నానం చేసి, లోపల, తన చేత్తో. రెండ్రోజులు పట్టిందట. కంచం ముందు కూర్చోబెట్టి వడ్డించడం మొదలుపెట్టింది. నెయ్యి వేసిన ముద్దపప్పు. క్యాబేజీ శనగపప్పు కూర. గోబీ వేపుడు. శనగపప్పు, జీడిపప్పు, ఇంగువ దండిగా వేసిన పులిహోర. బొబ్బట్లు, అంటే గోధుమపిండిలో శనగపప్పు. సేమ్యా పాయసం, అంటే గోధుమ, పాలు, జీడిపప్పు మూడూ కలిపి. ఉల్లి లేదు, వెల్లుల్లి లేదు. నా జాబితాలోనివి ఆ రెండూ తప్ప దాదాపు అన్నీ ఆ కంచంలో ఉన్నాయి.

నేను చెప్పిన అబద్ధానికి అక్షరం తప్పకుండా వండింది.

వసంత అంది, "పద్మా, మీ అన్నయ్య సాయంత్రం పూట తక్కువ తింటున్నారు. కాస్త నెయ్యన్నం చాలేమో."

"ఒక్క పొద్దు ఉంటున్నావా అన్నయ్యా? ముందే చెప్పకూడదూ" అని పద్మ గరిటె పట్టుకుని ఆగిపోయింది.

అక్కడ నాకు దారి ఉంది. నిజం చెప్పొచ్చు, కనీసం తలూపొచ్చు. "అదేం లేదు, పెట్టు" అన్నాను. చెల్లెలు నొచ్చుకుంటుందని అన్నానని తర్వాత అందరికీ చెప్పాను. సగమే నిజం. ముప్పై ఐదు రోజుల తర్వాత ముద్దపప్పు వాసన తగిలింది. నాకు కావాలనిపించింది. బొబ్బట్లు రెండు తిని మూడోది అడిగి వేయించుకున్నాను.

ఆ రాత్రి సంగతి రాయను.

పెళ్ళి హాలు

ముహూర్తం ఆదివారం పొద్దున పదిన్నర దాటాక. గంప పది గంటలకు లేవాలి. ప్రయాణంలో అత్యవసరానికని డాక్టరు చెప్పిన మాత్రలు ఆల్బరీ మోటెల్ బల్ల మీద మర్చిపోయాను. పొద్దున్నే పట్టుపంచె కట్టుకుని, ఏమీ తినకుండా, నీళ్ళు కూడా తాగకుండా హాలుకి వెళ్ళాను. తినకపోతే ఏమీ కాదనుకున్నాను. నిన్నటిది లోపల ఉందని పేగుకి గుర్తుంది.

పదికి ఐదు నిమిషాలుందనగా మెలి మొదలైంది. గంప పువ్వులతో సిద్ధంగా ఉంది, సాహితి నవ్వుతూ చెప్పులు విప్పుతోంది. ఇప్పుడే వస్తానని పక్క నడవాలో ఉన్న మరుగుదొడ్డికి వెళ్ళాను. పట్టుపంచెతో ఆ ఇరుకు గదిలో పడే అవస్థ అనుభవిస్తేనే తెలుస్తుంది.

హాలు వాళ్ళు ఎంత శ్రద్ధగా కట్టారంటే మరుగుదొడ్లలో కూడా స్పీకర్లు పెట్టారు. పంతులుగారి గొంతు నా నెత్తిన వినిపించింది. "మేనమామగారు... మేనమామగారు ఎక్కడున్నా గంప దగ్గరికి రావాలి." లేవబోయాను. లేవలేకపోయాను. రెండు నిమిషాలకి మళ్ళీ, "మేనమామగారండీ, ముహూర్తం మనకోసం ఆగదండీ."

తలుపు బయట వసంత గొంతు. "ఎంతసేపు?"

"తెలియదు."

"వాళ్ళకేం చెప్పను?"

నేను మాట్లాడలేదు. ఇప్పటికీ అదే నన్ను తినేస్తోంది. పేగు నా చేతిలో లేదు, నోరు నా చేతిలోనే ఉంది.

"సరే" అని వెళ్ళిపోయింది. కాసేపటికి సన్నాయి ఒక్కసారిగా పెరిగింది. గంప లేచిందని అర్థమైంది.

నేను బయటికొచ్చేసరికి జీలకర్రా బెల్లం అయిపోయి అక్షింతలు పడుతున్నాయి. వెనక వరసలో ఒక కుర్చీలో కూర్చున్నాను.

భోజనాల దగ్గర మగపెళ్ళివారి వైపు ముసలావిడ పక్కావిడతో, నాకు వినపడాలనే, అంది. "మేనమామ అలిగాడటగా. లాంఛనాల్లో ఏం తక్కువైందో మరి. ఆయన పెళ్ళాం వెళ్ళి మోసింది పాపం."

వసంత కారణం చెప్పకుండా గంప పట్టిందట, ఆ మాట అప్పటికే హాలంతా తిరిగింది. పద్మ నా దగ్గరికొచ్చింది. ఏడవలేదు, ఏడిస్తే బాగుండేది. "అన్నయ్యా, మా అత్తగారివైపు వాళ్ళు కూడా అడుగుతున్నారు. నీకేం తక్కువ చేశాం? చెప్పు."

వెనక పెళ్ళికొడుకు తండ్రి నిలబడి ఉన్నారు. ఇరవై ఏళ్ళుగా ఇక్కడ డాక్టరు, నెమ్మదైన మనిషి. కొత్త కోడలి మేనమామకి కోపం ఎందుకొచ్చిందో తెలుసుకోవడానికి వచ్చారు. సాహితి ఆ ఇంటికి వెళ్ళే మొదటి రోజు ఈ మాట వెంటబెట్టుకుని వెళ్ళబోతోంది.

"అలగలేదు" అన్నాను. గొంతు నేననుకున్నదానికంటే పెద్దగా వచ్చింది. చుట్టూ విస్తళ్ళ దగ్గర మాటలు ఆగాయి. "నాకు పొట్ట జబ్బు ఉంది. ఆరేళ్ళుగా ఉంది. గంప లేచేటప్పుడు టాయిలెట్‌లో ఉన్నాను. దీక్ష లేదు, ఏం లేదు. డాక్టర్లు ఇచ్చిన పథ్యం అది. చెప్పడానికి సిగ్గేసి దీక్ష అన్నాను."

పద్మ చేతిలోని నెయ్యిగిన్నె బల్ల మీద పెట్టింది. "అయితే రాత్రి నేను పెట్టింది?"

"నాకు పడదు."

"ఏది పడదు?"

"దాదాపు అన్నీ."

"మూడో బొబ్బట్టు నువ్వే అడిగావు."

"అవును."

"నా చేత్తోనే జబ్బు తినిపించుకున్నావన్నమాట." ఆ మాట మెల్లగా అని, నెయ్యిగిన్నె పట్టుకుని పక్క వరసకి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత మన జనం మీద పడ్డారు. మెంతులు మజ్జిగలో నానబెట్టమని ఒకరు. వాము నమలమని ఒకరు. విజయవాడలో ఒక వైద్యుడున్నాడని, ఫొటో పంపితే చాలు మందు పంపుతాడని ఒక అంకుల్. అంతా టెన్షన్ వల్లేనని, తను కూడా అలాగే ఉండేవాడినని ఇంకో అంకుల్. రాగిచెంబు గురించి ముగ్గురు చెప్పారు. ఇందాకటి ముసలావిడ అన్నిటికంటే ప్రేమగా, "పప్పు తినకపోతే బలం ఎక్కణ్ణించి వస్తుంది నాయనా" అని గరిటెడు పప్పు వెయ్యబోయింది. నేను విస్తరి మీద రెండు చేతులూ అడ్డం పెట్టాను. "వద్దండీ. నాకు పడదు." ఆరేళ్ళలో ఒక విందులో ఈ మాట అనడం అదే మొదటిసారి. ఆవిడ ఏమీ అనుకోలేదు. గరిటె పక్కాయన విస్తట్లో బోర్లించింది.

పెళ్ళికొడుకు తండ్రి నా పక్కన కూర్చున్నారు. "డైటీషియన్‌ని చూస్తున్నారా?"

"చూస్తున్నాను."

"అయితే ఇక్కడ ఎవరి మాటా వినకండి. నా మాటతో సహా. ఆవిడ చెప్పింది పూర్తిగా చెయ్యండి." లేస్తూ, "అలిగారేమో అని నేనూ కంగారుపడ్డాను" అని నవ్వారు.

సాయంత్రం సాహితి వెళ్ళిపోయే ముందు నన్ను పక్కకి లాగింది. "మావయ్యా, యూ కుడ్'వ్ జస్ట్ టోల్డ్ మీ. ఐ'డ్ హావ్ వెయిటెడ్."

"ముహూర్తం ఆగదమ్మా."

"ఇట్స్ మై వెడ్డింగ్. ఫైవ్ మినిట్స్ ఆగేది" అంది. ఆ చివరి మాట తెలుగులో అంది.

తిరుగు దారి

సోమవారం పొద్దున పద్మ మాతో ఎక్కువ మాట్లాడలేదు. కారు దగ్గర ఒక డబ్బా ఇచ్చింది. అన్నం, వంకాయ వేపుడు. వంకాయ పడుతుందా లేదా అని వసంతని అడిగి చేసిందట, నన్ను అడగలేదు. "ఆ జాబితా నాకు పంపు" అంది. "ఇంకెప్పుడూ నా దగ్గర దేవుడి పేరు చెప్పి అబద్ధం ఆడకు." ఆడనన్నాను. నమ్మిందో లేదో తెలియదు.

ఇంటికి చేరాక డైటీషియన్‌కి అంతా చెప్పాను. తిట్టలేదు. పొట్ట కుదుటపడేదాకా ఆగి, తర్వాత ఒక్కొక్కటిగా పరీక్ష మొదలుపెడదామంది. ఇప్పటికి తేలింది ఇది: వెల్లుల్లి నాకు అస్సలు పడదు. పెసరపప్పు కొద్దిగా అయితే పడుతుంది. పాలకి ఏమీ కాదు. ఆరేళ్ళలో నేను వసంత చేత మూడు రకాల పాలు మార్పించాను.

గత వారం పద్మ పెళ్ళి వీడియో పంపింది. గంప వచ్చే ముక్క మూడు నిమిషాలుంది. సాహితి తలవంచుకుని కూర్చుంది, చుట్టూ అందరూ పిల్లని చూస్తున్నారు, ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు. ముందు కుడిపక్క, నేనుండాల్సిన చోట, వసంత ఉంది. చీర కొంగు నడుముకి దోపి, బరువుకి కాస్త వంగి నడుస్తోంది. ఆ గుంపులో ఆవిడ ఒక్కతే పెళ్ళికూతుర్ని చూడటం లేదు. ప్రతి నాలుగడుగులకీ తల తిప్పి పక్క నడవా వైపు చూస్తోంది, నేను వస్తే తన చోటు నాకివ్వడానికి. మండపం మెట్టు ఎక్కే ముందు కూడా ఒకసారి ఆగి చూసింది. వెనకవాళ్ళు తొందరపెట్టారు. ఎక్కేసింది.